పాఠం 14: చేతికీ రెక్కకీ మధ్య

ఈ పాఠంలో నేర్చుకునేవి
• మూలల పేర్లు, కదలికలను చెప్పే మాటలు
• "-తే" తో వాక్యాలు (తోస్తే, లాగితే, వదిలితే)
• విమానం ఆటలో జాయ్‌స్టిక్‌ను మన చేతికి తగ్గట్టు సరిచేసుకోవడం

చదవండి

పిల్లలూ! కంప్యూటర్లో విమానం నడిపే ఆట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కావచ్చు, ఎక్స్-ప్లేన్ కావచ్చు. ఏ ఆటైనా సరే, ఈరోజు మనం సెస్నా 172 అనే చిన్న విమానాన్ని మన ముహర్రఖ్‌లో దింపుదాం.

బహ్రెయిన్ అంతర్జాతీయ విమానాశ్రయం ముహర్రఖ్ దీవిలోనే ఉంది. అక్కడి పెద్ద రన్‌వే పొడవు దాదాపు 4 కిలోమీటర్లు. ధ్వని కంటే వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం 1976 జనవరి 21న లండన్ నుంచి మొదటిసారి టికెట్ కొన్న ప్రయాణికులతో బయలుదేరి, వచ్చి దిగింది ఈ ఊళ్లోనే!

ఆ రన్‌వే ఒక చివర 12 అనే అంకె, రెండో చివర 30 అనే అంకె ఉంటాయి. 30 అంటే దిక్సూచిలో సుమారు 300 డిగ్రీలు. అది ఉత్తరానికీ పడమరకీ మధ్య ఉండే మూల. తెలుగులో ఆ మూలను వాయవ్యం అంటాం. వాయువు అంటే గాలి. ఆ మూల వాయుదేవుడిదని మన పెద్దవాళ్లు చెప్తారు. బహ్రెయిన్‌లో షమాల్ గాలి వీచేది కూడా వాయవ్యం వైపు నుంచే! గాలికి ఎదురుగా దిగితే విమానం నేలను తాకేటప్పుడు వేగం తక్కువగా ఉంటుంది. అందుకే షమాల్ వీచే రోజు 30 అని రాసిన చివర నుంచి దిగడం మంచిది.

మీరు ఆగ్నేయం వైపు నుంచి వస్తున్నారు. రన్‌వే ఎదురుగా కనిపిస్తోంది. విమానం కొంచెం ఎడమకి వంగింది. మీరు జాయ్‌స్టిక్‌ను కుడికి తోశారు. వెంటనే ఏమీ కాలేదు. ఇంకొంచెం తోశారు. ఇప్పుడు విమానం కుడికి బాగా వంగిపోయింది! గబుక్కున ఎడమకి తోశారు. అది ఎడమకి ఇంకా ఎక్కువ వంగింది. ఇలా ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగడాన్ని ఊగిసలాట అంటాం. చివరికి విమానం రన్‌వే పక్కన ఇసుకలో దిగింది.

"నాకు రాదు" అని జాయ్‌స్టిక్ పక్కన పెట్టేశారా? ఆగండి. తప్పు మొత్తం మీ చేతిది కాకపోవచ్చు.

చెయ్యి చెప్తుంది, ఆట వింటుంది

మీ చెయ్యి జాయ్‌స్టిక్‌ను ఎంత తోసిందో ఆట ఒక అంకెగా చదువుతుంది. అస్సలు తొయ్యకపోతే 0, పూర్తిగా తోస్తే 100 అనుకుందాం. ఆ అంకెను బట్టి రెక్కల వెనక అంచున ఉండే పలకలను కదుపుతుంది. వాటిని ఎయిలరాన్‌లు అంటారు. అవి కదిలితే విమానం పక్కకు వంగుతుంది.

చిన్న తోపుకి ఆట ఎంతగా స్పందిస్తుందో దాన్ని సున్నితత్వం అంటాం. చిన్న మాటకే బాధపడేవాళ్లని "సున్నితమైన మనసు" అంటాం కదా? అలాగే చిన్న తోపుకే ఎక్కువగా కదిలే జాయ్‌స్టిక్ సున్నితమైనది. ఈ సున్నితత్వాన్ని మనం మార్చుకోవచ్చు. ఆటలో కంట్రోల్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత తిన్నగా ఉండవచ్చు, వంపుగా ఉండవచ్చు.

తిన్నని గీత అయితే 20 తోస్తే 20 కదులుతుంది. వంపు గీతకు ఒక ఉదాహరణ చూద్దాం: తోసిన అంకెను దానితోనే గుణించి, 100తో భాగించండి.

తోసింది 20: తిన్నని గీతలో 20, వంపు గీతలో 4
తోసింది 50: తిన్నని గీతలో 50, వంపు గీతలో 25
తోసింది 80: తిన్నని గీతలో 80, వంపు గీతలో 64
తోసింది 100: తిన్నని గీతలో 100, వంపు గీతలో 100

చూశారా! వంపు గీతలో మధ్య దగ్గర చిన్న తోపు చాలా చిన్న కదలిక అవుతుంది. విమానం దింపేటప్పుడు మనం చేసేవన్నీ చిన్న తోపులే. అందుకే వంపు గీత సాయపడుతుంది.

కానీ ఇంకోసారి జాగ్రత్తగా చూడండి. 0 నుంచి 20 వరకు తోస్తే కదిలింది 4 మాత్రమే. 80 నుంచి 100 వరకు, అంటే అంతే దూరం తోస్తే, కదిలింది 36! మధ్యలో పొదుపు చేసిందంతా చివర్లో ఖర్చయిపోతుంది. గీత మరీ వంపుగా ఉంటే పాత కుళాయిలా తయారవుతుంది: ఎంత తిప్పినా చుక్కలే, ఇంకొంచెం తిప్పగానే నీళ్లు ఎగిరి ముఖాన పడతాయి. కాబట్టి వంపు కావాలి గానీ, తగినంతే కావాలి.

పలకని జాగా

కొన్ని జాయ్‌స్టిక్‌లు చెయ్యి తీసేసినా సరిగ్గా 0 దగ్గర నిలబడవు. అంకె 1, 2 అంటూ వణుకుతుంది. అందుకే ఆటలో డెడ్ జోన్ అనే సెట్టింగ్ ఉంటుంది. మధ్యలో కొంచెం దూరం వరకు ఎంత తోసినా ఆట పలకదు. మనం దాన్ని "పలకని జాగా" అందాం.

ఇది కూడా ఎక్కువైతే కష్టమే. మీరు తోస్తారు, విమానం వినదు. ఇంకా తోస్తారు, ఒక్కసారిగా వింటుంది. మళ్లీ ఊగిసలాట! వణుకు ఆగేంత వరకే పెట్టండి.

నిజమైన విమానంలో?

గల్ఫ్ ఎయిర్‌లో ఎయిర్‌బస్ ఎ320 రకం విమానాలు ఉన్నాయి. వాటిలో పైలట్ పక్కన నిజంగానే చిన్న జాయ్‌స్టిక్ లాంటి పిడి ఉంటుంది. 1987లో మొదటిసారి ఎగిరిన ఈ విమానంలో పైలట్ చేతికీ రెక్కకీ మధ్య కంప్యూటర్లు ఉంటాయి. మామూలుగా ఎగిరేటప్పుడు పైలట్ పిడిని పక్కకు పూర్తిగా తోసినా, విమానం సెకనుకు 15 డిగ్రీల కంటే వేగంగా వంగదు. అంటే చెయ్యి ఎంత చెప్తే విమానం ఎంత వినాలో అక్కడ కూడా ముందే ఆలోచించి పెట్టారన్నమాట.

చేసి చూడండి

1. జాయ్‌స్టిక్ మీద నుంచి చెయ్యి తీసేయండి. అంకె వణికితే పలకని జాగాను కొంచెం పెంచండి. వణుకు ఆగగానే ఆపండి.
2. తిన్నని గీతతో మూడుసార్లు విమానం దింపండి. ప్రతిసారీ రన్‌వే మధ్య గీతకు ఎంత దూరంలో దిగారో నోటుబుక్కులో రాయండి.
3. గీతను కొంచెం వంచండి. మిగతావేవీ మార్చకండి. అదే చోట, అదే గాలితో ఇంకో మూడుసార్లు దింపండి. రెండూ మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.
4. కొంచెం తొయ్యండి, ఆగండి, చూడండి. విమానం బదులు చెప్పడానికి కాస్త సమయం పడుతుంది. ఇది ఏ సెట్టింగూ నేర్పదు, మీ చెయ్యే నేర్చుకోవాలి.

సరిగ్గా దిగకపోయినవి కూడా రాయండి. అవే ఎక్కువ నేర్పుతాయి.

కొత్త మాటలు

వాయవ్యం: ఉత్తరానికీ పడమరకీ మధ్య మూల
ఆగ్నేయం: తూర్పుకీ దక్షిణానికీ మధ్య మూల
దిక్సూచి: దిక్కులు చూపే పరికరం
ఊగిసలాట: అటూ ఇటూ ఊగడం. మనసు ఏదీ తేల్చుకోలేకపోయినా ఇదే మాట వాడతాం
తోపు: తొయ్యడం
పొదుపు: ఖర్చు చెయ్యకుండా మిగుల్చుకోవడం
పలకడం: పిలిస్తే బదులివ్వడం

రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు

దింపుతున్నాను: దింపుతున్నా
ఏమిటి: ఏంటి
తోయాలి: తొయ్యాలి

అభ్యాసం

అ) "-తే" చేర్చి వాక్యం పూర్తి చేయండి.
ఉదా: జాయ్‌స్టిక్‌ను వెనక్కి (లాగు) లాగితే విమానం ముక్కు పైకి లేస్తుంది.
1. జాయ్‌స్టిక్‌ను ముందుకి (తోయి) ______ విమానం ముక్కు ______.
2. పలకని జాగా ఎక్కువ (అవు) ______ విమానం ______.
3. రెండు సెట్టింగులు ఒకేసారి (మార్చు) ______ ______.

ఆ) పై ఉదాహరణలోని వంపు గీతలో 40 తోస్తే ఎంత కదులుతుంది? 60 తోస్తే? ఈ రెండింటికీ తేడా ఎంత?

ఇ) ఈ సంభాషణ పూర్తి చేసి, ఈ వారం ఫోన్లో నిజంగానే మాట్లాడండి.
అమ్మమ్మ: ఏం చేస్తున్నావు నాన్నా? చేతిలో ఆ కర్రేంటి?
మీరు: విమానం దింపుతున్నా అమ్మమ్మా!
అమ్మమ్మ: మరి అలా ఊగిపోతోందేం?
మీరు: ____________
అమ్మమ్మ: అయితే ఇప్పుడేం చేస్తావు?
మీరు: ____________

మీ జవాబులో "సున్నితం", "ఊగిసలాట" అనే మాటలు ఉండాలి. మీరు చెప్పింది అమ్మమ్మకి అర్థమైతే, ఈ పాఠం మీకు వచ్చినట్టే.