రెండు పద్దులు

హైదరాబాదు నగరమునకు పశ్చిమదిక్కున, గండిపేట చెరువునకు చేరువలో కోకాపేట యున్నది. ఒకప్పుడది పొలముల నడుమ నుండిన పల్లె. 2023వ సంవత్సరమున అచట ఎకరము నేల వేలములో నూరు కోట్ల రూపాయలకు మించి పలికెను.

అచ్చటి కంప్యూటరు ఉద్యోగి యొకని కారును వేరొక బండి ఢీకొనెను. ఎవరికిని గాయములు కాలేదు గాని కారు ముందుభాగము నలిగిపోయెను. బీమా యున్నది గదా యని అతడు నిశ్చింతగా దానిని మరమ్మతు షెడ్డున కప్పగించెను. పది దినములకు బిల్లు వచ్చెను. అందు అతని వంతు 17,030 రూపాయలు!

అతడు కోపముతో బయలుదేరబోయి, ఆగి, మొదట పాలసీ కాగితము చదివెను. అంతవరకు ఆ యింట దానిని విప్పి చూచినవారు లేరు. ప్లాస్టిక్కు భాగముల వెలలో సగము తరుగు క్రింద యజమానియే భరింపవలెనని అందున్నది. 12,000 రూపాయల బంపరునకు 6,000 అట్లు వచ్చినవి. ప్రతి క్లెయిమునందును యజమాని పెట్టుకొనవలసినది మరియొక 1,000. ఈ 7,000 న్యాయమైనవే. మిగిలిన 10,030 మాట యేమి? "విప్పి చూచిన కూలి 5,000", "ఇతర సామగ్రి 3,500" అని రెండు పద్దులు, వానిపై నూటికి 18 వంతున పన్ను! బీమా సర్వేయరు ఆమోదించిన అంచనాలో ఇవి లేవు.

"అయ్యా, ఈ రెండు పద్దులు దేనికి?" అని అతడు షెడ్డు మేనేజరు నడిగెను.

"అవి అందరికిని వేయునవేనండీ. పైకము ముట్టినగాని బండి వదలుటకు వీలులేదు."

ఆ మాట కటువైనను చట్టమున దానికి కొంత ఆధారము కలదు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒక వస్తువుపై నేర్పుతో పనిచేసినవాడు తనకు రావలసిన కూలి ముట్టువరకు దానిని తన యొద్ద నుంచుకొనవచ్చును. కాని రావలసిన కూలి యెంతయో తేలవలెను గదా! 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము, సేవయొక్క నాణ్యమును, వెలను గూర్చి తెలిసికొను హక్కును కొనువాని కిచ్చినది.

అతని తల్లిని వారమునకు మూడుమార్లు రక్తశుద్ధికై ఆసుపత్రికి తీసికొనిపోవలసియున్నది. తగవులాడుటకు వ్యవధి లేదు. అతడు పైకము చెల్లించి, బిల్లుపై "ఈ రెండు పద్దులకు అభ్యంతరము తెలుపుచు చెల్లించితిని" అని వ్రాసి సంతకము చేసెను. ఆ రాత్రియే షెడ్డునకు లేఖ వ్రాసెను. అందు నిందావాక్యము ఒక్కటియు లేదు. పనిచేసిన గంటలెన్ని, వాడిన వస్తువులేవి, మార్చిన పాత భాగములెక్కడ అని మాత్రమే అడిగెను. వారము దినములలో బదులు రానిచో 1915 సంఖ్యకు ఫోను చేసి, అటుపిమ్మట రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషను నాశ్రయింతునని తెలిపెను. ఐదు లక్షలకు మించని వ్యవహారమునకు అచట రుసుము లేదు. ఫిర్యాదు చేయుటకు రెండేండ్ల గడువు కలదు.

నాలుగవనాడు జవాబు వచ్చెను. బంపరు విప్పినపిమ్మట లోపలి ఇనుపపట్టీ వంగియుండుట కనబడెనని, దానిని సరిచేయుటకు రెండు దినములు పట్టెనని ఫోటోలతో చూపిరి. అతడా 5,000 ఒప్పుకొనెను. "అప్పుడే ఫోనులో చెప్పియుండిన సర్వేయరునకు చూపియుందును గదండీ" అని మాత్రము అనెను. మేనేజరు బదులు పలుకలేదు. ఇతర సామగ్రికి లెక్క యెచటను దొరకలేదు. ఆ 3,500, దానిపై పన్ను 630, వెరసి 4,130 రూపాయలు వాపసు చేసి, సవరించిన బిల్లును అతని చేతికిచ్చిరి.