గాలిలో పాదరసం జాడ పట్టే కొలువులు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివి, ఫార్మా కంపెనీ తప్ప వేరే దారి కనబడటం లేదనేవారు చాలామందే. వాళ్ల చెవిన పెద్దగా పడని రంగం ఒకటుంది. గాలిలోని పాదరసాన్ని కొలవడం, అది ఎక్కడ బయల్దేరి ఎక్కడ దిగుతోందో మోడల్ సాయంతో తేల్చడం.

బొగ్గు మండినా, చిన్న బంగారు గనుల్లో ఖనిజాన్ని పాదరసంతో కలిపి వేడిచేసినా పాదరసం ఆవిరై పైకి లేస్తుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా ప్రకారం 2015లో మనుషుల పనుల వల్ల గాలిలో కలిసింది సుమారు 2,220 టన్నులు. అది నెలల తరబడి గాలిలో తిరిగి, ఏ ఖండపు చెరువులోనో పడుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి, చేపలతో పాటు అది మన కంచంలోకి వస్తుంది. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడ్డ జబ్బు ఈ మిథైల్ మెర్క్యురీ వల్లే. అక్కడ మాత్రం అది ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో వచ్చింది. ఆ ఊరి పేరుతో 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, 2018లో భారత్ ఆమోదం తెలిపింది. ఒప్పందం పనిచేస్తోందో లేదో చెప్పాలంటే కొలతలు కావాలి. ఈ ఉద్యోగాలకు మూలం అదే.

కొలవడం తేలికేం కాదు. ఉత్తరార్ధగోళంలో ఒక ఘనపు మీటరు గాలిలో ఉండేది దాదాపు 1.5 నానోగ్రాములు. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. యంత్రం గాలిని పీల్చి బంగారం ఉన్న కార్ట్రిడ్జ్ గుండా పంపుతుంది. పాదరసం బంగారానికి పట్టేస్తుంది. అయిదు నిమిషాల తర్వాత కార్ట్రిడ్జ్ వేడెక్కితే పాదరసం విడివడి, ఆర్గాన్ వాయువు వెంట డిటెక్టర్‌కు చేరి, 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పడగానే మెరుస్తుంది. ఆ మెరుపును బట్టే లెక్క. లోపల ఏ, బీ అని రెండు కార్ట్రిడ్జ్‌లు. ఒకటి పీలుస్తుంటే రెండోది వేడెక్కుతుంటుంది.

ఇప్పుడు ఏ 1.5, బీ 1.2, మళ్లీ ఏ 1.5, బీ 1.2 అని రోజంతా వస్తోందనుకోండి. గాలి అయిదేసి నిమిషాలకోసారి అలా మారదు, బీ మీద అనుమానపడాలి. అది పట్టించుకోకుండా గంట సగటు 1.35 అని మోడలర్‌కు పంపితే, ఆయన తన ఉద్గారాల లెక్కలో తప్పుందేమోనని వారాల తరబడి తల పట్టుకుంటాడు. అటు స్టేషన్‌లో ఉన్నాయనకు ఒక రాత్రి విలువ 3కి ఎగబాకిందని తెలుసు. అది దూరపు థర్మల్ కేంద్రం పొగా, పక్కవీధిలో కాల్చిన చెత్తా అన్నది ఆ రాత్రి గాలి ఎటు నుంచి వీచిందో చూస్తేగాని తేలదు. ఈ ఇద్దరి భాషా తెలిసినవాడికే ఈ రంగంలో గిరాకీ అని నా అభిప్రాయం. ఒకటి లోతుగా, రెండోది పని నడిచేంతగా నేర్చుకోండి.

మోడలింగ్ వైపు మొదటి మెట్టుకు పైసా ఖర్చు లేదు. అమెరికా వాతావరణ సంస్థ నోవా రూపొందించిన హైస్ప్లిట్ మోడల్ ఇంటర్నెట్‌లో ఉచితం. విశాఖపట్నాన్ని ఎంచుకుని, 500 మీటర్ల ఎత్తు పెట్టి, జనవరిలో కొన్ని రోజులకు, జులైలో కొన్ని రోజులకు 72 గంటలు వెనక్కి గాలి దారి గీయించండి. ఋతుపవనాల పాఠం మ్యాప్ మీదే కనబడుతుంది. తర్వాత లైనక్స్, పైథాన్. జియోస్‌-కెమ్ లాంటి పెద్ద మోడళ్ల దాకా వెళ్లాలంటే ఫోర్ట్రాన్ తప్పదు. పాత భాషని చిన్నచూపు చూడకండి.

ఇక కలిసి పనిచేయడం. పాదరసానికి దేశాల సరిహద్దులు లేవు కాబట్టి పరిశోధనంతా నెట్‌వర్క్‌లుగానే సాగుతుంది. ఐరోపా నిధులతో నడిచిన జీమాస్ నెట్‌వర్క్‌లో మన కొడైకెనాల్ కూడా ఒక స్టేషన్. ఇంకొకరి డేటా అడిగేటప్పుడు కాలిబ్రేషన్ వివరాలు, స్టేషన్ లాగ్‌బుక్ కూడా అడగండి. వాళ్లకు చెప్పకుండా ప్రచురించకండి, పేపర్‌లో పేరు విషయం ముందే తేల్చుకోండి. ప్రొఫెసర్లకు పొగడ్తల మెయిళ్లు వద్దు. మీరు గీసిన ఒక మ్యాపు, దాని కింద నాలుగు వాక్యాల విశ్లేషణ పంపితే చదువుతారు.

తెలుగు విద్యార్థులకు వాతావరణ శాస్త్రం దూరాభారమేం కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో సంబంధిత విభాగాలున్నాయి. పుణెలో ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, నాగ్‌పుర్‌లో పర్యావరణ పరిశోధన సంస్థ నీరి ఉన్నాయి. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో ఎర్త్, అట్మాస్ఫియరిక్, ఓషన్ అండ్ ప్లానెటరీ సైన్సెస్ పేపరు రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, అద్దె భత్యం అదనం. బీటెక్ వారికి గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరుంది.

పీహెచ్‌డీ దాకా ఆగలేని పరిస్థితి ఉంటే పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలున్నాయి. 2015 డిసెంబరు నిబంధనలు థర్మల్ కేంద్రాల పొగకు పాదరసం పరిమితి కూడా పెట్టాయి కాబట్టి అక్కడా ఈ నైపుణ్యం పనికొస్తుంది. కన్సల్టెన్సీల్లో పొగ వ్యాప్తిని లెక్కించడానికి ఎక్కువగా వాడే మోడల్ ఏర్‌మాడ్. అది వస్తే ఇంటర్వ్యూలో సగం పని అయినట్టే. అయితే అక్కడ జీతం సంగతి కన్నా ముందు ఒకటి అడగండి: మోడల్ మీ చేత నడిపిస్తారా, పాత రిపోర్టులో ఊరి పేరు మార్పిస్తారా?