ఏడువేల గిటార్

కొత్తగూడెం

చిరంజీవి మేనల్లుడికి,

నీ ఉత్తరం అందింది. మిర్చి కోతల కూలిలో ఏడువేలు మిగిల్చావనీ, ఆ డబ్బుతో గిటార్ కొంటాననీ రాశావు. మంచిదేరా. మీ నాన్న మాత్రం ఫోన్ చేసి "అది మన వాయిద్యమేనా బావా?" అన్నాడు. ఫిడేలు మాత్రం మనదా? రెండొందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితర్ తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. ఇప్పుడు అది లేని కచేరీ ఉందా? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మాండలిన్ మీద కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ల పిల్లాడు. మీ నాన్నకి ఇవన్నీ నేను చెప్పుకుంటాను. నువ్వు గిటార్ సంగతి చూడు.

ముందు డబ్బు లెక్క తేల్చుకో. ఏడువేలూ గిటార్ మీదే పోయొద్దు. అయిదున్నర, మహా అయితే ఆరు దానికి. మిగిలింది ఒక తీగల సెట్‌కి, సంచికి, మెడకి బిగించే కాపోకి, అన్నిటికంటే ముఖ్యంగా సెట్టింగ్‌కి. తీగల ఎత్తు తగ్గించి, మెడ సరిచేసి, తల దగ్గరి నట్ గాడులు అరగదీసి ఇవ్వడమే సెట్టింగ్. చవక గిటార్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి తీగలు ఎత్తుగానే వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాడు ఎఫ్ కార్డు నొక్కలేక, తన వేళ్లలో బలం లేదనుకుని గిటార్ అటక మీద పెట్టేస్తాడు. నిజానికి సగం తప్పు తీగల ఎత్తుది. కాబట్టి ఆ పని తెలిసినవాడు ఉన్న కొట్లోనే కొను. ఖమ్మంలో దొరక్కపోతే విజయవాడ వెళ్లు. ఫోన్‌లో బొమ్మ చూసి తెప్పించుకోవద్దు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, పక్కపక్కనే వేలాడుతున్న రెండు గిటార్లలో ఒకటి బాగుంటుంది, రెండోది బాగుండదు. ఆ ధరలో అంతే.

నువ్వు వాయించేది ఆదివారం ఆరాధనలో, పక్కన డోలక్, తాళాలు ఉంటాయి. అందుకే స్టీలు తీగల గిటారే కావాలి. నైలాన్ తీగలది వేళ్లకి మెత్తగా ఉంటుంది గాని ఆ హోరులో వినపడదు. చవగ్గా వచ్చిందని నైలాన్ గిటార్ కొని దానికి స్టీలు తీగలు బిగించే తెలివి మాత్రం చూపించకు. మామూలు స్టీలు తీగలన్నీ కలిసి డెబ్బై కేజీల పైచిలుకు లాగుతాయి, నైలాన్‌వి నలభై లోపే. తీగలు కట్టే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది. ముప్పై ఎనిమిది అంగుళాల బుల్లి గిటార్లు రంగురంగులవి కనపడతాయి, పొడుగు మనిషివి, వాటి జోలికి పోకు. లోపల పికప్ పెట్టామని వెయ్యి ఎక్కువ అడిగితే కూడా వద్దు. ఆ వెయ్యి చెక్కలోంచి తగ్గిస్తారు. చర్చిలో మైక్ ఉంది కదా, దాన్ని గిటార్ ముందు పెట్టుకో.

చెక్క సంగతి నీకు ఎవరూ నేర్పక్కర్లేదు, చర్ల అడవిలో పెరిగినవాడివి. కొట్టువాడు నల్లగా ఉన్న ఫింగర్‌బోర్డు చూపించి "రోజ్‌వుడ్ సార్" అంటే నవ్వి ఊరుకో. రోజ్‌వుడ్ అంటే మన ఇరుగుడే, జిట్రేగి అని కూడా అంటాం. ప్రపంచమంతా ఖరీదైన గిటార్ల వీపుకి, పక్కలకి వాడే కలప అది. 2017లో ఆ జాతి చెట్ల వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలొచ్చి గిటార్ అమ్మకానికి దేశం దాటాలన్నా కాగితాలు అడిగారు. 2019లో మన ఇరుగుడుతో తయారైన వాయిద్యాలకి సడలించారు. అంత విలువైన చెక్క ఆరువేల గిటార్లో ఎక్కువగా రంగు రూపంలోనే ఉంటుంది. అయినా ఫర్లేదు, గట్టి చెక్కయితే చాలు.

ముందు పలక సాలిడ్ చెక్కా, ప్లైవుడ్డా అని అందరూ అడుగుతారు. సాలిడ్ గొప్పదంటారు, పలుకు విషయంలో అది నిజమే. కానీ మే నెలలో భద్రాచలం ఎండకి ఎండిపోయి, జులైలో గోదావరి గాలికి ఉబ్బే ఇంట్లో అది పగిలే ప్రమాదం ఎక్కువ. మనకి ప్లై పలకే మేలు. యమహా ఎఫ్280 పలక కూడా ప్లైదే, ఎంతమందో దాని మీదే నేర్చుకున్నారు. కొత్తది నీ లెక్క దాటుతుంది. ఎవరైనా రెండేళ్లు వాడి వదిలేసినది దొరికితే, తళతళలాడే కొత్త గిటార్ పక్కన పెట్టి దాన్నే తీసుకో. గీతలుంటే ఉండనీ.

చేతిలోకి తీసుకున్నాక తొందరపడకు. ఒక కన్ను మూసి, వాసం వంకర చూసినట్టు బ్రిడ్జి వైపు నుంచి మెడ పొడుగునా చూడు. మెలి తిరిగి ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. మెలి బాగుచెయ్యడానికి గిటార్ ధరంత అవుతుంది. కాస్త వంపే అయితే లోపలి ఇనుప రాడ్ తిప్పి సరిచెయ్యొచ్చు, ఆ రాడ్ ఉందో లేదో అడుగు. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, పద్నాలుగో దగ్గరా నొక్కిపెట్టి మధ్యలో చూడు. సన్నగా, కాగితం పట్టేంత సందు ఉండాలి. పన్నెండో ఫ్రెట్ పైన లావు తీగ రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ రెండు, అంతకంటే బాగా ఎత్తుంటే సెట్టింగ్ చేయించు. తరవాత ఫోన్‌లో ట్యూనర్ పెట్టి, ఒట్టి తీగ సరిగ్గా శ్రుతి చేసి, అదే తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటు. అదే స్వరం పైస్థాయిలో రావాలి. ముల్లు పక్కకి పోతే ముందు కొత్త తీగలు వేయించి మళ్లీ చూడు. అప్పుడూ పోతే ఆ గిటార్ వద్దు. ప్రతి తీగా, ప్రతి ఫ్రెట్టూ ఒక్కొక్కటే మీటు. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరిందంటే అది లేస్తోందన్నమాట.

తీగలు పది నంబరు సెట్ వేయించు. లాగుడు తక్కువ, వేళ్లకీ గిటార్‌కీ సుఖం. ఇంట్లో రేకుల కింద అటక మీద పెట్టకు, జిగురు వదిలేస్తుంది. వరదప్పుడు మాత్రం ఎక్కడ ఎత్తుంటే అక్కడికి ఎక్కించు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్లు డెబ్బై అడుగులు దాటాయి, నీకు గుర్తుండే ఉంటుంది.

దసరాకి నేను భద్రాచలం వస్తున్నాను. అప్పటికి కొనకపోతే ఇద్దరం కలిసి విజయవాడ వెళ్దాం. కొనేసి ఉంటే పన్నెండో ఫ్రెట్ ఎత్తు కొలిచి ఫోన్ చెయ్యి. స్కేలు మిల్లీమీటర్ల వైపు నుంచి చూడు, అంగుళాల వైపు కాదు.

ఆశీస్సులతో,
మావయ్య