గ్రూపు పెట్టింది నేనే

పోయిన సెమిస్టర్‌లో మా క్లాస్ అమ్మాయి ఒకరి ఫీజు బకాయి సంగతి బ్యాచ్ మొత్తానికి తెలిసిపోయింది. కారణం నేను పెట్టిన ఒక ఈమెయిల్ గ్రూపు.

మా కాలేజీ మెయిల్ ఐడీలు గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉంటాయి. లెక్చరర్లు, ఆఫీసు స్టాఫ్, స్టూడెంట్స్ అందరిదీ ఒకటే డైరెక్టరీ. ఎవరైనా గ్రూపు పెట్టుకోవచ్చని అడ్మిన్ వదిలేశారు. ఫస్ట్ ఇయర్‌లో మా హాస్టల్ రూమ్‌ని మేం 'ఆఫీస్' అనేవాళ్ళం. అందుకని ల్యాబ్ రికార్డులు పంచుకోవడానికి ఒక గ్రూపు పెట్టి, దానికి 'సీఎస్ఈ ఆఫీస్' అని పేరు పెట్టా. ఐదుగురు మెంబర్లం. సెమిస్టర్ అయ్యాక మర్చిపోయాం.

సెకండ్ ఇయర్‌లో కొత్తగా చేరిన స్టాఫ్ ఒకరు డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫీజు కట్టనివాళ్ళ లిస్టు పంపబోయారు. 'సీఎస్ఈ' అని టైప్ చేయగానే మా గ్రూపు పేరు వచ్చింది. ఆవిడ తప్పేముంది? పేరు చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. పైగా మెయిల్స్ ఎవరు చదవచ్చు అనే సెట్టింగ్‌లో 'ఆర్గనైజేషన్‌లో అందరూ' అని నేనే పెట్టి ఉంచా. ఎవరో చూశారు, స్క్రీన్‌షాట్ వాట్సాప్‌కి ఎక్కింది. ఆ అమ్మాయి నాలుగు రోజులు క్లాస్‌కి రాలేదు. వచ్చాక సారీ చెప్తే, "అసలు నిన్ను గ్రూపు పెట్టమన్నదెవరు?" అని అడిగింది. ఎవరూ అనలేదు. బటన్ ఉంది, నొక్కా.

ఆ బటన్ వెనకాల ఏముందో అప్పుడు చదవడం మొదలుపెట్టా. వాట్సాప్ గ్రూపు బయటివాళ్ళకి మామూలుగా కనబడదు. డైరెక్టరీలో గ్రూపు అలా కాదు. మనం దాచమని చెప్పకపోతే ప్రిన్సిపాల్ అడ్రస్ పక్కనే, అంతే అఫీషియల్‌గా కూర్చుంటుంది. అందుకే పెద్ద ఆఫీసుల్లో పేర్ల మీద రూల్ పెడతారు. మైక్రోసాఫ్ట్ 365లో అయితే గ్రూపు పేరుకి ముందో వెనకో డిపార్ట్‌మెంట్ పేరు దానంతటదే చేరేలా అడ్మిన్ పెట్టొచ్చు. 'పేరోల్', 'సీఈవో' లాంటి మాటల్ని వాడనివ్వకుండా ఆపొచ్చు కూడా. మా కాలేజీలో 'ఆఫీస్' అనే ఒక్క మాటని ఆపి ఉంటే చాలేది.

అసలు గ్రూపులు పెట్టనివ్వకపోతే పోలా, అని మా రూమ్మేట్ అంటాడు. నేను ఒప్పుకోను. ప్రతి గ్రూపుకీ ఐటీ వాళ్ళ దగ్గర రిక్వెస్ట్ పెట్టాలంటే జనం పని మొత్తం వాట్సాప్‌కి మార్చేస్తారు. అక్కడ ఏం జరుగుతోందో అడ్మిన్‌కి అసలే తెలియదు.

ఎవరు చదవచ్చు అన్నది ఒకటైతే, ఎవరు పంపొచ్చు అన్నది ఇంకోటి. 2016 నవంబర్ 14న ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్ మెయిల్‌లో ఒక యూజర్ డిస్ట్రిబ్యూషన్ లిస్ట్ పెడితే, సిస్టమ్‌లో ఉన్న అందరూ, అంటే 8 లక్షలకు పైగా మంది, పొరపాటున దాంట్లో చేరిపోయారు. వెళ్ళింది ఒక టెస్ట్ మెయిల్. 'నన్ను తీసేయండి' అని జనం రిప్లై ఆల్ కొట్టారు, ఆ రిప్లైలు మళ్ళీ అందరికీ వెళ్ళాయి, మెయిల్ నత్తనడక నడిచింది. పెద్ద గ్రూపుకి పంపే హక్కు కొద్దిమందికే ఇచ్చినా, మెయిల్‌ని మోడరేటర్ ఓకే చేశాకే వెళ్ళనిచ్చినా ఈ గోల ఉండదు. గ్రూపు అడ్రస్‌ని బీసీసీలో పెట్టినా చాలు, రిప్లై ఆల్ గ్రూపుకి వెళ్ళదు.

గ్రూపుని గ్రూపులో చేర్చడం మాత్రం నాకు ఇప్పటికీ భయమే. లోపలి గ్రూపులో కొత్తగా ఎవర్ని చేర్చినా, బయటి గ్రూపు మెయిల్స్ వాళ్ళకీ వెళ్తాయి. బయటి గ్రూపు మెంబర్ల లిస్టులో వాళ్ళ పేరు విడిగా కనబడకపోవచ్చు.

ఇక ఓనర్. మా డైరెక్టరీలో వెతికితే పాసౌట్ అయిపోయిన సీనియర్ల గ్రూపులు బోలెడు. ఓనర్ అకౌంట్ తీసేసినా గ్రూపు పోదు, మెయిల్స్ వెళ్తూనే ఉంటాయి. సెట్టింగ్స్ మార్చాలంటే మాత్రం మళ్ళీ అడ్మినే దిక్కు. మైక్రోసాఫ్ట్ 365లో గ్రూపులకి గడువు పెట్టే వీలుంది. వాడకంలో లేని గ్రూపు ఓనర్‌కి 30 రోజుల ముందు, 15 రోజుల ముందు, ఒక రోజు ముందు మెయిల్ వస్తుంది. రెన్యూ చేయకపోతే డిలీట్ అవుతుంది. పొరపాటున పోతే 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇలాంటిది ఉండుంటే నా గ్రూపు ఫస్ట్ ఇయర్ సెలవుల్లోనే పోయేది.

హెచ్ఓడీ సార్ ముందే కూర్చుని దాన్ని డిలీట్ చేశా. గ్రూపు పేజీలో ఉన్న పాత మెయిల్స్ పోయాయి. మా ఐదుగురి ఇన్‌బాక్సుల్లోకి వచ్చిన కాపీలు పోలేదు, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి నిలబడి తీయించా. స్క్రీన్‌షాట్‌ని మాత్రం ఏం చేయలేకపోయా.

మన లిటరరీ క్లబ్ గ్రూపుకీ ఓనర్ ఒక్కరే, ఫైనల్ ఇయర్ అక్క. ఇంకో ఓనర్‌ని చేర్చమని ఈ వ్యాసం ఇచ్చేటప్పుడే అడిగా. చేర్చింది. నన్ను కాదు లెండి.