ట్రంకు పెట్టె ఎప్పుడు కదులుతుంది? ఎందుకు ఆగుతుంది?



సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాద్దామా, జ్ఞాపకాలు రాద్దామా అని చాలా ఆలోచించాం. చివరికి, ఇక్కడ ఉన్నన్నాళ్లూ కంఠతా పట్టి కూడా మాకు అర్థం కాని ఒక పాఠం గురించి రాయాలనుకున్నాం. అదే ‘గమన నియమాలు’.

మేము ఎలా చదివామో చెబితే మీకు నవ్వొస్తుంది. పొద్దున స్టడీ అవర్‌లో వరండాలో అటూ ఇటూ తిరుగుతూ న్యూటన్ మూడు నియమాలనూ ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. పరీక్షలో పొల్లు పోకుండా రాశాం. మార్కులూ వచ్చాయి. తర్వాత డిగ్రీలో చేరాం. ఇదే హాస్టల్ నుంచి వెళ్లిన ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ముగ్గురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

ఒకరోజు లెక్చరర్ గారు అడిగారు: “నేల మీద పెట్టెను 60 న్యూటన్ల బలంతో తోస్తున్నాం. అది ఒకే వేగంతో తిన్నగా కదులుతోంది. ఘర్షణ బలం ఎంత?” ముగ్గురం ఒకేసారి “60 కంటే తక్కువ సార్” అన్నాం. “ఎందుకు?” అంటే “తక్కువ కాబట్టే కదా సార్ కదులుతోంది” అన్నాం. ఆయన మొదటి నియమం చెప్పమన్నారు. గుక్క తిప్పుకోకుండా చెప్పాం. “ఇప్పుడు మీరు చెప్పిన నియమమే మీ జవాబు తప్పంటోంది, కూర్చోండి” అన్నారు.

సరైన జవాబు 60 న్యూటన్లు. ఎందుకో మీ మంచం కింద ఉన్న ట్రంకు పెట్టెతోనే చూద్దాం.

పెట్టె కదలనప్పుడు

పుస్తకాలు, బట్టలు, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా అన్నీ కలిపి పెట్టె ద్రవ్యరాశి 20 కిలోలు అనుకుందాం. గురుత్వ త్వరణాన్ని లెక్క సులువుగా ఉండేందుకు 10 మీ/సె² అని తీసుకుంటే దాని భారం 200 న్యూటన్లు.

ముందు 30 న్యూటన్లతో తోయండి. కదలదు. మరి మీ బలం ఏమైంది? నేల కూడా అదే సమయంలో వెనక్కి 30 న్యూటన్ల ఘర్షణ బలం చూపింది. రెండూ సరిపోయి ఫలిత బలం సున్నా అయింది. మీరు 50తో తోస్తే ఘర్షణా 50 అవుతుంది. దీన్నే స్థైతిక ఘర్షణ అంటారు. మనం ఎంత తోస్తే అంత ఎదురు నిలుస్తుంది కానీ దానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు 80 న్యూటన్లు అనుకుందాం. అది దాటగానే పెట్టె జారుతుంది. జారడం మొదలయ్యాక ఉండే ఘర్షణ సాధారణంగా ఆ హద్దు కంటే తక్కువ. దాన్ని 60 అనుకుందాం.

బలం దేనికి?

కదులుతున్న పెట్టెను 100 న్యూటన్లతో తోస్తే ఫలిత బలం 100 – 60 = 40 న్యూటన్లు. రెండో నియమం ప్రకారం బలం = ద్రవ్యరాశి × త్వరణం. కాబట్టి త్వరణం 40 ÷ 20 = 2 మీ/సె². పెట్టె వేగం పెరుగుతోందన్నమాట.

ఇప్పుడు చేతి బలాన్ని సరిగ్గా 60కి తగ్గించండి. ఆగిపోతుందా? ఆగదు! ఫలిత బలం సున్నా కనుక త్వరణం సున్నా. అంటే వేగం పెరగదు, తగ్గదు. అప్పటికి ఉన్న వేగంతోనే సాగుతుంది. మేము బెంచీ మీద నిలబడి పొరబడింది ఇక్కడే.

ఇక చేతులు తీసేయండి. మిగిలింది వెనక్కి లాగే 60 న్యూటన్ల ఘర్షణ ఒక్కటే. వేగం 3 మీ/సె² చొప్పున తగ్గుతుంది. అప్పటికి వేగం సెకనుకు 1.5 మీటర్లు ఉంటే అర సెకనులో, 37.5 సెంటీమీటర్లు జారి ఆగుతుంది. పెట్టె ఆగింది దానిలోని బలం అయిపోయి కాదు, ఘర్షణ ఆపింది కాబట్టి. బలం పెట్టెలో నిలవ ఉండే సరుకు కాదు. కదులుతూ ఉండటానికి బలం అక్కర్లేదు, కదలిక మారడానికే బలం కావాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే పాఠమంతా పట్టుబడుతుంది.

ఆ సెలవుల్లో ఇంటికెళ్లి ఈ సంగతి మా నాన్నకు చెప్పాం. ఆయన ఎద్దుల బండి తోలేవారు, బడికి వెళ్లలేదు. “ఇందులో వింతేముందిరా? బండి కదిలించేటప్పుడే ఎడ్లకు కష్టం. నడక అందుకున్నాక, ఎత్తు రానంతవరకు అవి అంత గుంజవు” అన్నారు. బండిని కదిలించేటప్పుడు ఎడ్లు ఘర్షణను ఎదుర్కోవడమే కాక త్వరణం కూడా ఇవ్వాలి. నడక అందుకున్నాక ఘర్షణకు సరిపడా లాగితే చాలు. పాఠం అడగడానికి ఇంట్లో ఎవరూ లేరనుకున్న మాకు ఆ రోజు సిగ్గేసింది.

మనలాగే పొరబడినవారు

క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కూడా, తోసేది ఏదో ఒకటి ఉంటేనే వస్తువు కదులుతుందని అనుకున్నాడు. దాదాపు రెండు వేల ఏళ్ల తర్వాత ఇటలీలో గెలీలియో వాలుబల్లల మీద గుండ్లు దొర్లించి చూసి, అడ్డుకునేది లేకపోతే కదిలేది కదులుతూనే ఉంటుందని గ్రహించాడు. న్యూటన్ 1687లో ‘ప్రిన్సిపియా’లో దాన్నే మొదటి నియమంగా పెట్టాడు.

న్యూటన్ గురించి ఒక సంగతి తెలుసా? ఆయన పుట్టక ముందే తండ్రి చనిపోయాడు. ఆ తండ్రి భూమి ఉన్న రైతే గానీ సంతకం చేయడం రాదు. 1661లో కేంబ్రిడ్జిలో చేరిన న్యూటన్, డబ్బున్న విద్యార్థులకు పనులు చేసిపెట్టి చదువు ఖర్చు తగ్గించుకునే తరగతిలో చేరాడు.

చర్య, ప్రతిచర్య

మూడో నియమంలో అందరికీ వచ్చే సందేహం: చర్య, ప్రతిచర్య సమానమైతే ఏదైనా ఎలా కదులుతుంది? అవి రెండూ ఒకే వస్తువు మీద పనిచేయవు. మీరు పెట్టెను తోస్తారు, పెట్టె మిమ్మల్ని వెనక్కి తోస్తుంది. మీరు వెనక్కి పోకుండా ఆపేది నేల. మీ పాదాలు నేలను వెనక్కి తంతాయి, నేల మిమ్మల్ని ముందుకు తోస్తుంది. అనుమానముంటే అప్పుడే కడిగిన తడి గచ్చు ముందు నిలబడి ఆలోచించండి, అక్కడ పెట్టె తోయగలరా? (ప్రయోగం మాత్రం చేయొద్దు, పళ్లు రాలతాయి!)

బస్సు దగ్గర ఒక మాట

మా బ్యాచ్‌లో ఒకడు పదో తరగతి పరీక్షలకు రెండు వారాల ముందు, మన మలుపు దగ్గర బస్సు ఆగకముందే దూకాడు. బస్సు మెల్లగానే వస్తోందన్నాడు. గంటకు 18 కిలోమీటర్లంటే మెల్లగానే అనిపిస్తుంది, కానీ అది సెకనుకు 5 మీటర్లు. పాదాలు నేలకు తగిలి ఆగిపోయాయి. ఒళ్లు మాత్రం జడత్వం వల్ల బస్సు వేగంతోనే ముందుకు పోయింది. కుడి చెయ్యి విరిగింది. వాడు చెబుతుంటే ఇంకొకరు పరీక్ష రాయాల్సి వచ్చింది. జడత్వం నిర్వచనం వాడికి మాలో అందరికంటే బాగా వచ్చు.

రోడ్డు దాటేటప్పుడు ఇంకో లెక్క గుర్తుంచుకోండి. బ్రేకు వేగాన్ని 5 మీ/సె² చొప్పున తగ్గిస్తుందనుకుంటే, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ బ్రేకు వేశాక 10 మీటర్లలో ఆగుతుంది. 72తో వస్తే 20 కాదు, 40 మీటర్లు! వేగం రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలు.

మీకు రెండు ప్రశ్నలు

1. 10 కిలోల నీళ్ల బకెట్టును బావిలోంచి ఒకే వేగంతో పైకి లాగుతున్నాం. బకెట్టు మీద తాడు చూపే బలం ఎంత?
2. పైకి విసిరిన బంతి అన్నిటికంటే ఎత్తులో ఉన్న క్షణంలో దాని వేగం సున్నా. దాని మీద బలం కూడా సున్నాయేనా?

పుస్తకం చూడకుండా స్టడీ అవర్‌లో నలుగురూ కూర్చుని వాదించుకోండి. తప్పు చెప్పడానికి భయపడకండి. మేము ఎం.ఎస్సీ. దాకా వచ్చింది ఆ రోజు బెంచీ మీద తప్పు చెప్పాకే. సెలవులకు వచ్చినప్పుడు మీ జవాబులు వింటాం. అందాకా బస్సు పూర్తిగా ఆగాకే దిగండి.