అడిగి చేసే సేవ



యెరికో దారిలో గ్రుడ్డివాడైన బర్తిమయి అవసరం యేసు ప్రభువుకు తెలియనిది కాదు. అయినా అతనికి ఏమి కావాలో అతనినే అడిగారు (మార్కు 10:51).

మన ఇండ్లలో వృద్ధుల, వికలాంగుల పింఛను మనమే ఉంచుకోవడం, పడిపోతారని గుడికి రానివ్వకపోవడం, చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించడం రక్షణ కాదు. చేయి పట్టి నడిపించండి, కాళ్లు కట్టివేయకండి.

పోషించాలనే షరతుతో భూమి రాయించుకొని పోషించకపోతే, 60 ఏండ్లు నిండిన పెద్దలకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం అండగా ఉంది. 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయవచ్చు. కామారెడ్డి, ఎల్లారెడ్డి డివిజన్ల వారు తమ ఆర్డీవోకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఈ ఆదివారం పూజ తరువాత ఇంట్లో అడగండి: "అవ్వా, నీకేం కావాలె?" జవాబు వచ్చేదాకా ఆగండి.