లీచేట్‌లో ఏమీ లేదంటే

చిరంజీవి చిన్నికి,

నీ ఉత్తరం అందింది. అణు వ్యర్థాలు అన్న మాట వినగానే మీ నాన్నకు గుండె జారిందట. ఆయనకు నేను సర్దిచెబుతాలే, నువ్వు పని చూసుకో.

90 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచినా నీళ్లలోకి, అంటే లీచేట్‌లోకి, సీరియం దాదాపు ఏమీ రాలేదు, అణు వ్యర్థాలను బంధించడానికి చేసిన మోనజైట్ పెల్లెట్ గట్టిదని రాసేయొచ్చా అని అడిగావు. అప్పుడే రాయకు.

మోనజైట్ మీద నమ్మకం ఉండాల్సిందే. మన భీమిలి ఒడ్డున నల్ల ఇసుకలో అది దొరుకుతుంది. లోపల థోరియం పెట్టుకుని, కోట్ల ఏళ్లు ఆల్ఫా కణాల దెబ్బలు తిని, కొండ నుంచి ఏరు, ఏటి నుంచి సముద్రం దాటి వచ్చినా దాని స్ఫటికం చెదరలేదు. యురేనియం ఎక్కువున్న జిర్కాన్ అలా నిలవదు, కాలం గడిచేకొద్దీ లోపలి అమరిక చెదిరిపోతుంది. 1980 ప్రాంతంలో ఓక్ రిడ్జ్‌లో లిన్ బోట్నర్ బృందం ప్లుటోనియం లాంటివాటిని బంధించడానికి మోనజైట్‌ను ఎంచుకున్నది దాని ఈ నిలకడ చూసే. తారాపూర్, ట్రాంబేల్లో మనవాళ్లు వాడే బోరోసిలికేట్ గాజుకు ఇంత నేరుగా ప్రకృతి ఇచ్చిన పూచీ లేదు.

కానీ నీ పాత్రలో నీళ్లు కదలవు. మోనజైట్ లాంటి అరుదైన మృత్తికల ఫాస్ఫేట్లు అసలే కరగవు కాబట్టి కొద్దిగా చేరగానే ఆ నీళ్లు సంతృప్తమైపోతాయి. పాకంలో పంచదార కరగడం మానేసిందంటే పంచదార గట్టిపడిందని కాదు కదా. పైగా కరిగింది కరిగినట్టే ఉండదు. నీటిని పట్టుకున్న ఫాస్ఫేట్‌గా, అంటే రాబ్డోఫేన్‌గా, పెల్లెట్ మీదే తిరిగి పేరుకోవచ్చు. అప్పుడు సీరియం, ఫాస్ఫరస్ రెండూ సమానంగా తగ్గుతాయి గనక నీళ్లను ఎంత కొలిచినా అది బయటపడదు. పెల్లెట్ ఉపరితలాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని (ఎస్ఈఎం) కింద, రామన్ వర్ణపటంలో చూస్తే తప్ప తెలియదు. నీళ్లను నెమ్మదిగా పారించే టెస్టు పెడితే అసలు కరిగే వేగం వస్తుంది. నీ అంకె తప్పని అనడం లేదు. నీరు కదలని భూగర్భంలో ఆ సంతృప్తతే కాపాడుతుంది. నీ అంకెను లీచింగ్ రేటు అని రాయకు, అంతే.

ఫాస్ఫరస్ మాత్రం తప్పకుండా కొలువు. అది ఎక్కువగా, సీరియం తక్కువగా కనిపిస్తే సీరియం ఎక్కడో దాక్కుందన్నమాట. చాలాసార్లు పాత్ర గోడకే అంటుకుంటుంది. థోరియం అయితే మరీను. ఖాళీ చేశాక పాత్రను పలుచని నైట్రిక్ యాసిడ్‌తో కడిగి, ఆ కడుగునూ ఐసీపీ విశ్లేషణకు పంపు. పెల్లెట్ లేకుండా నీళ్లు మాత్రమే ఉన్న పాత్ర ఒకటి పోలికకు పక్కన నడుపు.

ఇంకోటి, 90 డిగ్రీలంటే కఠిన పరీక్ష అని అందరూ అనుకుంటారు. కరిగే వేగం పెరుగుతుంది, నిజమే. కానీ ఈ ఫాస్ఫేట్లకు వేడి పెరిగేకొద్దీ కరిగే పరిమాణం తగ్గుతుంది. కాబట్టి గది ఉష్ణోగ్రతలో కూడా ఒక సెట్ పెట్టు, ఎంత విసుగొచ్చినా సరే.

మీ గ్రూపులో ఎవరో మెగ్నీషియం పొటాషియం ఫాస్ఫేట్ సిమెంట్ ఫలితాలను నీ వాటితో ఒకే పట్టికలో వేద్దామన్నారని రాశావు. వద్దు. ఆర్గోన్ నేషనల్ ల్యాబ్‌లో అరుణ్ వాగ్ వాళ్లు అభివృద్ధి చేసిన ఆ సిమెంట్ గది వేడిమికే గట్టిపడుతుంది, సీజియం ఆవిరైపోయే భయం ఉండదు. దాని మేలు దానిదే. కానీ అందులో ఆరు నీటి అణువులున్నాయి, పొటాషియం తేలిగ్గా బయటికొస్తుంది. 30 ఏళ్ల అర్ధాయువున్న సీజియం-137కు సరిపోయేది, 24 వేల ఏళ్ల ప్లుటోనియం-239కు చాలదు. ఫాస్ఫేట్ అనే పేరు ఒకటైనంత మాత్రాన వాటిని పక్కపక్కన కూర్చోబెట్టకూడదు.

సీరియం డమ్మీ అని కూడా మరవకు. రసాయనంగా ప్లుటోనియంలా కొంత నటిస్తుంది గానీ ఆల్ఫా దెబ్బలు కొట్టదు.

పెల్లెట్ల సాంద్రత రాయలేదేం? రంధ్రాలు పైకి తెరుచుకుని ఉంటే నీటికి తగిలే వైశాల్యం నువ్వు స్కేలుతో లెక్కగట్టిన దానికంటే చాలా ఎక్కువ, భాగహారమే మారిపోతుంది. సాంద్రత, యాసిడ్ కడుగు అంకెలు, ఫాస్ఫరస్ అంకెలు ఒక కాగితం మీద పంపు. అవి చూశాక పేపరు సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ బాబాయి